మగవాళ్లకు సాయంత్రం పూట తీపి సెంటు: 2,500 లోపు ఏది కొనాలి, మన వేడికి ఎలా వాడాలి

మీరు అడిగింది ఇదీ. జడ్చర్లలో ఫార్మా కంపెనీలో డ్యూటీ, లోపల సెంటు వాడనివ్వరు, కాబట్టి మీకు మిగిలేవి సాయంత్రాలే. తీపి వాసనలంటే ఇష్టం. ఇన్నాళ్లూ బాడీ స్ప్రేలు కొట్టుకుంటే గేటు దాటేసరికి పోతున్నాయి. డిసెంబర్‌లో ఫ్రెండ్ రిసెప్షన్ ఉంది. 2,500 దాటకూడదు. తీపి వాసన కొట్టుకుంటే ఆడవాళ్ల సెంటు అంటారేమోనని ఒక టెన్షన్. చివర్లో మీ నాన్నగారికి కూడా ఒకటి చెప్పమన్నారు.

నేను నల్గొండ ప్రకాశం బజార్‌లో పదహారేళ్లుగా సెంట్లు, అత్తర్లు అమ్ముతున్నాను. అంతకు ముందు నాలుగేళ్లు హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ఒక అత్తరు దుకాణంలో పని నేర్చుకున్నాను. మీలాంటి ప్రశ్న వారానికి ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు జవాబు: ఒక్కటే కొనాలంటే అఫ్నాన్ అనే అరబ్ కంపెనీ వాళ్ల 9 పీఎం కొనండి. 100 ఎం.ఎల్. సీసా మా దగ్గర 2,000 నుంచి 2,500 మధ్య పడుతోంది. కేవలం చలికాలం రాత్రుల కోసమే అయితే లతాఫా వాళ్ల ఖమ్రా ఇంకా బాగుంటుంది, కానీ ఆఫర్ లేని రోజుల్లో మీ బడ్జెట్ కాస్త దాటుతుంది. ఏది కొన్నా ఎండాకాలంలో రెండు స్ప్రేలకు మించి కొట్టొద్దు. తీపి సెంటు విషయంలో ఏది కొన్నాం అన్నదానికంటే ఎంత కొట్టాం, ఏ నెలలో కొట్టాం అన్నదే మన ప్రాంతంలో ఎక్కువ పనిచేస్తుంది.

ఇక ఆడవాళ్ల సెంటు అనే అనుమానం. మా షాపుకు వచ్చే కుర్రాళ్లలో చాలామందికి ఇది ఉంటుంది. టెస్టర్ వాసన చూసి ముఖం వెలిగిపోతుంది, వెంటనే "బాగుంది గానీ అన్నా, మగవాళ్లకేనా?" అంటారు. తిండి పదార్థాల తీపిని సెంట్లలో గట్టిగా దింపింది 1992లో వచ్చిన మ్యూగ్లర్ ఏంజెల్. అందులో ఇథైల్ మాల్టాల్ అనే పదార్థాన్ని ధారాళంగా వాడారు. దాని వాసన చూస్తే జాతరలో పీచుమిఠాయి బండి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. అది ఆడవాళ్ల కోసం చేసిందే, నిజమే. కానీ మూడేళ్లు తిరిగేసరికి, 1995లో, జాన్ పాల్ గోతియే లె మేల్ మగవాళ్ల కోసం వచ్చింది. పైన పుదీనా, లావెండర్, కింద నిండా వెనిల్లా. మరుసటి ఏడాది మ్యూగ్లర్ వాళ్లే కాఫీ, కారమెల్ కలిపి మగవాళ్లకు ఏ మెన్ తెచ్చారు. 2008లో పాకో రబాన్ వన్ మిలియన్ వచ్చాక దాల్చినచెక్క తీపి అన్ని దేశాల కుర్రాళ్లకూ అలవాటైపోయింది. అంటే మీరు పుట్టకముందు నుంచే మగవాళ్లు తీపి సెంట్లు కొట్టుకుంటున్నారు.

మన దగ్గరైతే ఇంకా పాత అలవాటు. లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సు రోజుల్లో అత్తరు కోసం వచ్చే పెద్దమనుషులు అడిగేది ఎక్కువగా అంబర్. అంబర్ అత్తరు అంటే తీపే. సాంబ్రాణి, వెనిల్లా, బంకల వాసన కలిసిన చిక్కటి తీపి. అరవై, డెబ్బై ఏళ్ల వాళ్లు అది రాసుకుని వెళ్తుంటే ఎవరూ ఒక్క మాట అనరు.

తీపికి తోడు ఏముంది అన్నదాంట్లోనే తేడా అంతా. వెనిల్లాకు మల్లె, గులాబీ, స్ట్రాబెర్రీ లాంటివి తోడైతే మన ముక్కు దాన్ని ఆడవాళ్ల వైపు లెక్కేస్తుంది. దాల్చినచెక్క, మిరియం, కాఫీ, పొగాకు, ఎండుచెక్క తోడైతే మగవాళ్ల వైపు లెక్కేస్తుంది. అదే బెల్లం పోలెలో పూర్ణమైతే ఒక రుచి, పచ్చిపులుసులో చిటికెడు వేస్తే ఇంకో రుచి. కాబట్టి సెంటు కొనేటప్పుడు "తీపిదేనా" అని మాత్రమే అడగకండి, "తీపికి తోడు ఏముంది" అని అడగండి.

సీసా మీద, నెట్‌లో రాసే ఇంగ్లిష్ పేర్లు చూసి కంగారు పడక్కర్లేదు. సగం మన ఇంట్లో ఉన్నవే. బెంజోయిన్ అంటే మనం శుక్రవారం పొగ వేసే సాంబ్రాణి. మిర్ అంటే బోళం. ప్రలీన్ అంటే బాదం లాంటి పప్పులను చక్కెర పాకంలో వేసి చేసే మిఠాయి, మన పల్లీపట్టీ పాకానికి దగ్గర. టోంకా గింజ ఒక్కటే మనకు కొత్త. దానిలో ఉండే కూమరిన్ వాసన కోసి ఆరబెట్టిన గడ్డివాములా ఉంటుంది, దానికి కాస్త బాదం కలిపినట్టు. ఈ కూమరిన్‌ను 1868లో పెర్కిన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త ల్యాబ్‌లో తయారుచేశాడు. వెనిల్లా కాయలో ఉండే వెనిలిన్‌ను 1874లో జర్మనీలో టీమన్, హార్‌మన్ తయారుచేశారు. ఆ రెండూ ఫ్యాక్టరీలో దొరకబట్టే ఈరోజు రెండు వేలకు ఇంత నిండైన తీపి సెంటు వస్తోంది. అచ్చంగా వెనిల్లా కాయల సారంతో చేస్తే ఆ ధర మనలాంటి వాళ్లకు అందదు. "కెమికల్ కదా" అని కొందరు వెనకాడతారు. ఫార్మాలో పనిచేసే మీకు ఆ మాట నేను చెప్పనక్కర్లేదు.

సాయంత్రానికి తీపి ఎందుకు సరిపోతుంది, మళ్లీ అదే ఎందుకు ఎదురు తిరుగుతుంది

బత్తాయి తొక్కను గోటితో గిల్లి చూడండి. గుప్పుమని లేస్తుంది, రెండు మూడు నిమిషాల్లో మాయమవుతుంది. నిమ్మ, నారింజ, బెర్గమాట్ వాసనలన్నీ అంతే, తేలికైనవి, తొందరగా ఆవిరైపోతాయి. వెనిలిన్, కూమరిన్, సాంబ్రాణి లాంటివి బరువైనవి. చర్మం మీద కూర్చుని నిదానంగా లేస్తాయి. రాత్రి ఏడింటికి కొట్టుకుంటే మర్నాడు పొద్దున చొక్కా కాలర్‌లో ఇంకా ఉంటాయి. గాలి చల్లబడ్డ సాయంత్రం, నలుగురు దగ్గరగా కూర్చునే చోట, ఆ నిదానమే అందం. (మీ డ్యూటీ సంగతి కాబట్టి ఒక మాట. రాత్రి ఫంక్షన్‌కు వేసుకున్న చొక్కా పొద్దున డ్యూటీకి వేసుకోకండి. మీకు వాసన తెలియకపోయినా అందులో ఉంటుంది.)

అయితే వేడి తగిలితే ఆ నిదానం పోతుంది. యూట్యూబ్‌లో తెల్లవాళ్లు "ఆరు స్ప్రేలు, ఎనిమిది స్ప్రేలు" అని చెబుతారు. వాళ్లు చెప్పేది పది డిగ్రీల చలిలో, పైన కోటు వేసుకుని బయటికి వెళ్లే సాయంత్రం సంగతి. మనకు మే నెలలో పగలు 44, 45 డిగ్రీలు. రాత్రి ఎనిమిదికి కూడా గోడ మీద చెయ్యి పెడితే సెగ తగులుతుంది. ఆ వేడిలో తీపి ఒక్కసారిగా లేచి, చెమటతో కలిసి, పులిసిన పాకంలా తయారవుతుంది.

ఒక సంగతి చెబుతాను. మిర్యాలగూడ వైపు కుర్రాడు ఒకరు నా దగ్గరే ఖమ్రా కొన్నారు. మేలో వాళ్ల అన్న పెళ్లి. ఏసీ లేని హాలు, కూలర్లే. బాగా రావాలని ఎనిమిది స్ప్రేలు కొట్టుకున్నారు. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి వేరే వరుసలోకి వెళ్లిపోయిందట. మర్నాడు సీసా పట్టుకుని షాపుకు వచ్చి "అన్నా, ఇది వెనక్కి తీసుకో, నా పరువు పోయింది" అన్నారు. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అన్న పెళ్లికి మంచిగా తయారవ్వాలని రెండు నెలలు డబ్బు దాచి కొన్నది మరి. కూర్చోబెట్టి, ఫ్యాన్ కింద అదే సీసాతో మణికట్టు మీద ఒక్క స్ప్రే కొట్టి, టీ తెప్పించి, అరగంట తర్వాత వాసన చూడమన్నాను. "ఇదేనా అది?" అన్నారు. సీసా తిరిగి తీసుకుని వెళ్లారు. సంక్రాంతికి మళ్లీ వచ్చి వాళ్ల బావకు ఇంకోటి కొన్నారు. ఆ రోజు తప్పు నాది కూడా. మేలో అమ్ముతున్నప్పుడు ఎన్ని కొట్టాలో చెప్పకుండా ఇచ్చాను. అప్పటి నుంచి డబ్బా మీద పెన్నుతో రాసి ఇస్తున్నాను: ఎండాకాలం 2, వానాకాలం 3, చలికాలం 4.

9 పీఎం ఎలా ఉంటుందంటే

ఈ జవాబు రాయడం కోసమే నిన్న సాయంత్రం ఆరున్నరకు ఎడమ మణికట్టు మీద ఒక్కటంటే ఒక్క స్ప్రే కొట్టుకున్నాను. మొదటి నిమిషం స్పిరిట్ ఆరేదాకా ముక్కు దగ్గర పెట్టుకోలేదు. తర్వాత యాపిల్. కోసిన పండు వాసన రాదు, యాపిల్ చాక్లెట్ కాగితం విప్పినప్పుడు వచ్చే వాసన వస్తుంది. దాని వెనక లావెండర్, మంచి సబ్బుతో స్నానం చేసి వచ్చినట్టు చల్లగా. ఈ లావెండరే ఈ సెంటును మగవాళ్ల వైపు నిలబెడుతుంది. ఏడింటికి యాపిల్ తగ్గి దాల్చినచెక్క పైకి వచ్చింది, వెచ్చగా, ఘాటు లేకుండా. ఎనిమిదిన్నరకు షట్టర్ దించేటప్పుడు చూస్తే యాపిల్ అసలు లేదు. వెనిల్లా, అంబర్, అడుగున పచ్చౌలి. పచ్చౌలి అంటే పాత చెక్క బీరువా తలుపు తీస్తే వచ్చే మట్టి వాసన లాంటిది, తీపిని మరీ మొహం మొత్తకుండా పట్టి ఉంచుతుంది. ఇంటికెళ్లి, చేతులు కడుక్కుని, అన్నం తిని, పదకొండింటికి పడుకోబోయే ముందు మళ్లీ చూసుకున్నాను. కస్టర్డ్ పౌడర్ డబ్బా మూత తీసినంత తీపి, చర్మానికి అంటుకుని ఇంకా ఉంది. ఒక్క స్ప్రేకి నాలుగున్నర గంటలు.

ఇది 2015లో వచ్చిన గోతియే అల్ట్రా మేల్ దారిలో చేసింది. దాని ధర దీనికి మూడింతలు పైనే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అల్ట్రా మేల్‌లో బేరిపండు వాసన మెత్తగా ఉంటుంది, 9 పీఎం మొదటి పది నిమిషాలు కాస్త గరుకుగా, గట్టిగా ఉంటుంది. గంట తర్వాత ఆ తేడా చెప్పడం మామూలు ముక్కుకు కష్టం. రిసెప్షన్‌లో మీ పక్కన నిలబడ్డవాళ్లకు అసలే తెలియదు.

దీని లోపాలూ చెప్పాలి. ఇప్పుడు చాలామంది దీన్నే వాడుతున్నారు, హాల్లో ఇంకో ఇద్దరు ఇదే కొట్టుకుని రావచ్చు. వయసు నలభై దాటినవాళ్లకు నేనైతే ఇవ్వను, ఆ యాపిల్ చాక్లెట్ వాసన కాలేజీ వయసుకే నప్పుతుంది. ఇరవై ఆరేళ్ల మీకు బాగా సరిపోతుంది.

ఖమ్రా వేరే రకం తీపి. 2022లో వచ్చింది. కిలియాన్ వాళ్ల ఏంజెల్స్ షేర్ అనే ఖరీదైన సెంటు 2020లో వచ్చింది, దాని దారిలో నడిచింది ఇది. మూత తీయగానే దాల్చినచెక్క, జాజికాయ. తర్వాత ఖర్జూరం, పల్లీపట్టీ పాకం. చివరికి వెనిల్లా, సాంబ్రాణి. సంక్రాంతి ముందు రోజుల్లో ఒక గదిలో అరిసెల పాకం పడుతుంటే, పక్క గదిలో సాంబ్రాణి పొగ వేసినట్టు ఉంటుంది. నాకు ఇష్టమైన తీపి సెంట్లలో ఇది ముందుంటుంది. డిసెంబర్, జనవరిలో రాత్రి చలి పదిహేను డిగ్రీల దగ్గరికి దిగినప్పుడు, శాలువా మీద ఈ వాసన వస్తుంటే ఆ హాయి వేరు. దీంట్లో ఒక జాగ్రత్త ఉంది. మొదటి పది నిమిషాలు బ్రాందీ లాంటి ఛాయ తగులుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు "తాగొచ్చావా" అని అడిగిన కేసులు నాకు రెండు తెలుసు. కాబట్టి బయలుదేరడానికి అరగంట ముందే కొట్టుకోండి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. లతాఫా అసద్, 2021లో వచ్చింది. మిరియం, పొగాకు, కాఫీ, కింద వెనిల్లా. తీపి తక్కువ, ఘాటు ఎక్కువ. తీపి అంటే భయపడేవాళ్లకు నేను ఇచ్చేది ఇదే, ధర కూడా మీ బడ్జెట్‌లోనే. రసాసీ హవాస్ నీళ్ల చల్లదనం, పండ్ల తీపి కలిసినది, మన మార్చి నుంచి జూన్ సాయంత్రాలకు దీన్ని మించినది నాకు కనబడలేదు, కానీ మీ 2,500లో రాదు. ఆర్మాఫ్ క్లబ్ డి న్యూయి ఇంటెన్స్ మ్యాన్ గురించి అందరూ చెబుతారు. అది పుల్లటి పండు, పొగ వాసన. మంచిదే గానీ మీరు అడిగిన తీపి అందులో ఉండదు, స్నేహితుల మాట విని పొరపాటున అది కొనకండి.

రెండు వేలు కూడా ఒకేసారి పెట్టలేనివాళ్లు ఇది చదువుతుంటే, డీకాంట్లు చూడండి. అసలు సీసా నుంచి 5, 10 ఎం.ఎల్. చిన్న సీసాల్లోకి తీసి అమ్ముతారు. ఒక స్ప్రేకి సుమారు 0.1 ఎం.ఎల్. పోతుంది, అంటే 10 ఎం.ఎల్. అంటే వంద స్ప్రేలు. ఫంక్షన్‌కు మూడు చొప్పున కొట్టుకున్నా ముప్పై సాయంత్రాలు. అదే లెక్కన 2,500 పెట్టి కొన్న 100 ఎం.ఎల్. సీసాలో స్ప్రే రెండున్నర రూపాయలు పడుతుంది. బాడీ స్ప్రే చౌక అనుకుంటాం గానీ, అందులో సువాసన నూనె పాలు చాలా తక్కువ, గ్యాస్ ఉండే డబ్బాల్లో ఇంకా తక్కువ. మీకు గేటు దాటేసరికి పోయేది అందుకే. సీసా మీద "ఓ డి పర్ఫ్యూమ్" అని ఉంటే సాధారణంగా నూటికి 15 నుంచి 20 పాళ్లు సువాసన నూనె ఉంటుంది. "ఓ డి టాయిలెట్" అంటే అంతకంటే తక్కువ. 9 పీఎం, ఖమ్రా రెండూ ఓ డి పర్ఫ్యూమ్‌లే.

కొట్టుకునే పద్ధతి

స్నానం చేసి, ఒళ్లు ఆరాక, చర్మానికి వాసన లేని కొబ్బరినూనో వాజలైనో పలచగా రాయండి. పొడి చర్మం మీద సెంటు నిలవదు. మన దగ్గర చలికాలంలో చర్మం ఎంత పగులుతుందో తెలుసు కదా. మెడకు రెండు పక్కలా చెవుల కింద ఒక్కొక్కటి, ఛాతీ మీద చొక్కా లోపల ఒకటి, చలి బాగా ఉంటే మెడ వెనక ఒకటి. జానెడు దూరం నుంచి కొట్టండి. రెండు మణికట్లూ రుద్దకండి, ఆ వేడికి పైన ఉండే తేలిక వాసనలు తొందరగా ఎగిరిపోతాయి. అప్పుడే గడ్డం గీసుకున్న చోట కొట్టొద్దు, స్పిరిట్ మంట పుడుతుంది, కొందరికి దద్దుర్లు కూడా వస్తాయి. చంకల్లో చెమట వాసన పైన సెంటు కొట్టడం మాత్రం ఎవరూ చేయకండి. దానికి విడిగా రోల్ ఆన్ వాడాలి, అది కూడా వాసన లేనిది.

తెల్ల చొక్కా మీద వెనిల్లా సెంటు కొట్టకండి. ఇది నా ఇంట్లో జరిగింది. మా బావమరిది పెళ్లిచూపులకు కొత్త తెల్ల చొక్కా, నా దగ్గర తీసుకున్న తీపి సెంటు. బాగా నిలవాలని బట్ట మీదే, జేబు దగ్గర మూడు సార్లు కొట్టాడు. ఉతక్కుండా మడిచి బీరువాలో పెట్టాడు. నెల తర్వాత తీస్తే అక్కడ టీ మరకలాంటి పసుపు గోధుమ రంగు మచ్చ. వెనిలిన్‌కు గాలి, వెలుతురు తగిలితే రంగు మారడం దాని గుణం. సీసాలో సెంటు కూడా ఏడాది తిరిగేసరికి ముదురు రంగు అవుతుంది, అది పాడైనట్టు కాదు. కానీ బట్ట మీద మచ్చ మాత్రం ఎన్ని సబ్బులు పెట్టినా పూర్తిగా పోలేదు. పట్టు పంచె, కండువా మీద అయితే అసలే వద్దు.

ఇంకోటి, కొట్టుకున్న పావుగంటకు మీకే వాసన రావడం ఆగిపోతుంది. సెంటు పోయిందనుకుని మళ్లీ కొడతారు, మిర్యాలగూడ తమ్ముడి విషయంలో జరిగింది అదే, మొదట నాలుగు, తర్వాత నాలుగు. ముక్కు అలవాటు పడిపోతుంది అంతే, పక్కవాళ్లకు వస్తూనే ఉంటుంది. అనుమానం ఉంటే ఇంట్లో ఎవరినైనా అడగండి.

కొనేటప్పుడు

నకిలీ సరుకు మన ఊళ్లలో విపరీతంగా ఉంది. నేనూ మోసపోయాను. కొన్నేళ్ల కిందట ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర సగం ధరకు వస్తోందని ఇరవై నాలుగు సీసాలు తెచ్చాను. డబ్బా, ప్లాస్టిక్ కవర్, అంతా అసలుదానిలాగే ఉంది. మొదటి సీసా కొట్టి చూస్తే పది నిమిషాలైనా స్పిరిట్ కంపు పోలేదు, అరగంటకు ఏమీ మిగల్లేదు. ఆ ఇరవై నాలుగూ పక్కన పడేశాను, ఒక్కటీ అమ్మలేదు. అప్పట్లో నా షాపుకు అది పెద్ద దెబ్బ. అందుకే చెబుతున్నాను. విదేశీ సెంటు డబ్బా మీద మన దేశంలో దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ ఉండాలి. డబ్బా అడుగున ఉన్న బ్యాచ్ నంబరు, సీసా అడుగున ఉన్న నంబరు ఒకటే ఉండాలి. మూత బిగుతుగా ఉండాలి, స్ప్రే పొగమంచులా సన్నగా రావాలి, చుక్కలు చుక్కలుగా కారకూడదు. "ఫస్ట్ కాపీ" అని ఎవరైనా చెబితే ఎంత చౌకైనా వదిలేయండి, అందులో ఏం పోశారో ఎవరికీ తెలియదు, అది మీ మెడ మీద పడేది.

వీలైతే మహబూబ్‌నగర్‌లోనో, హైదరాబాద్ వెళ్లినప్పుడో టెస్టర్ ఉన్న షాపులో, సాయంత్రం పూట, మీ చర్మం మీదే చూసుకోండి. కాగితం పట్టీ మీద వాసన వేరు. ఒక చేతికి ఒకటే. కొట్టించుకుని బయటికి వచ్చేయండి, బస్టాండ్‌లో టీ తాగండి, గంట తర్వాత చూడండి. అప్పటికీ నచ్చితేనే కొనండి. మంచి షాపువాళ్లు ఎవరూ ఏమీ అనుకోరు.

డిసెంబర్ రిసెప్షన్ అంటున్నారు కాబట్టి ఇప్పుడే కొనేసి, నాలుగైదు స్ప్రేలు వాడి, బీరువాలో చీకట్లో పెట్టండి. ఈ అరబ్ కంపెనీల సెంట్లు కొత్తలో కొంచెం గరుకుగా ఉండి, మూడు నాలుగు వారాలకు సర్దుకోవడం నేను చాలా సీసాల్లో చూశాను. బైక్ డిక్కీలో, కిటికీ దగ్గర, బాత్‌రూమ్‌లో మాత్రం పెట్టొద్దు. ఇంకా, అందులో ఉండేది స్పిరిట్, దీపం దగ్గర, పొయ్యి దగ్గర కొట్టుకోకండి. ఆ రోజు బైక్ మీద వెళ్తారా? అయితే మెడ మీద ముందే కొట్టుకుంటే దారిలో గాలికి సగం పోతుంది. ఛాతీ మీద ఒకటి ఇంట్లో కొట్టుకుని, 5 ఎం.ఎల్. చిన్న అటామైజర్‌లో (ఖాళీ స్ప్రే సీసాలో) కొంచెం నింపుకుని జేబులో పెట్టుకోండి. హాలు దగ్గర బండి దిగి, తల దువ్వుకున్నాక మెడకు రెండు పక్కలా. లాన్‌లో ఆరుబయట అయితే ఇంకొకటి.

ఇక మీ నాన్నగారు. ఆయనకు 9 పీఎం వద్దు, ఖమ్రా కూడా వద్దు. శమామా అత్తరు తీసుకెళ్లండి, 3 ఎం.ఎల్. చాలు. ఇది కన్నౌజ్‌లో చేసే అత్తరు. రాతిపువ్వు, తుంగముస్తలు, జటామాంసి, యాలకులు, లవంగం, జాజికాయ లాంటి ఎన్నో దినుసులను రాగి పాత్రల్లో బట్టీ పెట్టి తీస్తారు. మన బిర్యానీలో వేసే రాతిపువ్వే అది, మూత తీయగానే మసాలా డబ్బా గుర్తొస్తుంది, పోను పోను కాస్త తీపి దిగుతుంది. స్పిరిట్ ఉండదు కాబట్టి మంట ఉండదు, గుప్పుమని కొట్టదు. అసలైన మంచిగంధం నూనెలో దింపిన శమామా ధర వేరే లెక్క, ఆ నూనె ఒక్కటే కిలో లక్ష దాటుతుంది. వంద, రెండు వందలకు దొరికేది మామూలు నూనెలో కలిపింది, "గంధం నూనెదే" అని చెబితే నమ్మకండి. అయినా మూడు, నాలుగు వందల్లో వాసన బాగున్నవి దొరుకుతాయి, ముందు మీరే చేతికి రాసుకుని చూడండి.

ఇచ్చేటప్పుడు ఎలా వాడాలో చూపించండి. మూతకున్న గాజు పుల్లతో ఒక్క చుక్క అరచేతి వెనక పెట్టి, వేలితో తీసుకుని మెడ మీద రాయాలి. లేదా బఠానీ గింజంత దూది ఉండకు అద్ది, చెవి పై మడతలో పెట్టుకోవాలి. మా నాన్న పండగ రోజుల్లో అలాగే పెట్టుకునేవాడు. సాయంత్రం ఆయన పక్కన కూర్చుంటే అటు తల తిప్పినప్పుడు మాత్రమే వాసన వచ్చేది.